నీటిలోని యాంటీబయాటిక్‌లను బొగ్గు పట్టగలదా?

నీటి నుంచి యాంటీబయాటిక్ అవశేషాలను రంధ్రయుత పదార్థాలతో తొలగించడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఒకదానికొకటి సంబంధం ఉన్నవాటిని ఎంచి ఈసారి సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: మనం మింగిన యాంటీబయాటిక్ ఒంట్లోనే ఖర్చయిపోతుంది కదా, అది నదుల్లోకి ఎలా చేరుతోంది? మురుగునీటి శుద్ధి కేంద్రాలు దాన్ని ఎందుకు ఆపలేకపోతున్నాయి?

జవాబు: మందు పూర్తిగా ఒంట్లో ఖర్చవుతుందనుకోవడం సరికాదు. నోటి ద్వారా తీసుకున్న సిప్రోఫ్లోక్సాసిన్‌లో 40 నుంచి 50 శాతం వరకు ఏ మార్పూ లేకుండా మూత్రంలో బయటికి వస్తుంది. అమాక్సిసిలిన్‌లో ఇది 60 శాతం దాకా ఉంటుంది. ఆసుపత్రుల మురుగు, పశువులకూ కోళ్లకూ చేపలకూ వాడే మందులు, ఔషధ కర్మాగారాల వ్యర్థజలం దీనికి తోడవుతాయి. ఇక శుద్ధి కేంద్రాల సంగతికి వస్తే, అవి మురుగులోని సేంద్రియ భారాన్ని, నత్రజనిని, భాస్వరాన్ని తగ్గించడానికి రూపొందినవే గాని, లీటరులో నానోగ్రాముల లెక్కన ఉండే ఔషధ అణువులను ఏరివేయడానికి ఉద్దేశించినవి కావు.

అక్కడ ఒక్కో మందు ఒక్కో తీరున ప్రవర్తిస్తుంది. పెన్సిలిన్ కుటుంబానికి చెందిన మందుల్లోని బీటా-లాక్టమ్ వలయం నీటిలో త్వరగా విడిపోతుంది కాబట్టి, వాటి వాడకం ఎంత ఎక్కువైనా నదుల్లో కనిపించేది తక్కువే. సిప్రోఫ్లోక్సాసిన్ చాలావరకు బురదకు అంటుకుపోతుంది. అంటే నీటిని వదిలి బురదలోకి మారుతుందే తప్ప నశించదు. సల్ఫామెథాక్సజోల్ బురదకు పెద్దగా అంటుకోక, నీటితోపాటే బయటికి సాగిపోతుంది. పైగా మన కాలేయం దానికి ఒక ఎసిటైల్ గుంపును తగిలించి పంపితే, శుద్ధి కేంద్రంలోని సూక్ష్మజీవులు ఆ గుంపును ఊడగొట్టి మళ్లీ అసలు మందును తయారు చేస్తాయి. అందుకే కొన్నిసార్లు లోపలికి వచ్చిన దానికంటే బయటికి పోయే నీటిలోనే ఆ మందు ఎక్కువగా నమోదవుతుంది. ఆ అంకెలను చూసి కొలత తప్పిందేమోనని కంగారుపడిన వారు తక్కువేమీ కాదు.

మోతాదుల్లోనూ తేడా చాలా పెద్దది. సాధారణంగా నదుల్లో లీటరుకు నానోగ్రాముల నుంచి కొద్ది మైక్రోగ్రాముల వరకు ఉంటే, 2007లో వెలువడిన ఒక అధ్యయనం ఔషధ కర్మాగారాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్టు చూపింది. బాక్టీరియాలో నిరోధకతను, అంటే మందుకు లొంగని గుణాన్ని, ప్రేరేపించకుండా ఉండేందుకు ఇదే మందుకు 2016లో పరిశోధకులు ప్రతిపాదించిన హద్దు లీటరుకు 64 నానోగ్రాములు మాత్రమే. ఈ అంకెను గుర్తుంచుకోండి, కింది జవాబుల్లో మళ్లీ అవసరపడుతుంది.

ప్రశ్న: రసాయనశాస్త్రం చదువుతున్నాను. నీటిలో హాయిగా కరిగి ఉన్న మందు అణువు బొగ్గు మీదికి ఎందుకు వెళ్తుంది? రంధ్రాలు ఎంత ఎక్కువగా ఉంటే అంత బాగా పట్టుకుంటుందని చెప్పవచ్చా?

జవాబు: బొగ్గునో కొబ్బరి చిప్పలనో గాలి తగలకుండా వేడిచేసి, ఆపైన 800 డిగ్రీలకు మించిన ఉష్ణోగ్రత వద్ద ఆవిరితోనో, లేదా పొటాషియం హైడ్రాక్సైడ్ వంటి రసాయనంతోనో చర్య జరిపితే, లోపలి కర్బనం కొంత తరిగిపోయి లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రాలు ఏర్పడతాయి. దీన్నే యాక్టివేటెడ్ కార్బన్ అంటున్నాం. మంచి రకం కార్బన్ ఒక గ్రాము తీసుకుంటే దాని లోపలి గోడల వైశాల్యం వెయ్యి చదరపు మీటర్లు, అంటే దాదాపు పావు ఎకరం ఉంటుంది.

అయితే ఆ పావు ఎకరమంతా మీ అణువుకు అందుబాటులో ఉంటుందని అనుకోరాదు. 2 నానోమీటర్లలోపు వెడల్పున్న వాటిని సూక్ష్మరంధ్రాలుగా, 2 నుంచి 50 వరకు ఉన్నవాటిని మధ్యరంధ్రాలుగా, అంతకు మించినవాటిని స్థూలరంధ్రాలుగా వర్గీకరిస్తారు. టెట్రాసైక్లిన్ అణువు పొడవు ఒక నానోమీటరుకు కాస్త మించి ఉంటుంది కనుక, అర నానోమీటరు వెడల్పున్న రంధ్రాల్లోకి అది దూరలేదు. కార్బన్ డబ్బాల మీద గొప్పగా అచ్చువేసే అయోడిన్ సంఖ్య, ఆ కార్బన్ అతి చిన్నదైన అయోడిన్ అణువును ఎంత పట్టగలదో చెప్పేది మాత్రమే; ఆ సంఖ్య ఎక్కువగా ఉన్నంత మాత్రాన టెట్రాసైక్లిన్ కూడా బాగా పడుతుందని నమ్మకూడదు. అలాగని పెద్ద రంధ్రాలే మేలని కూడా కాదు. అణువు కంటే రంధ్రం కొంచెమే పెద్దదిగా ఉన్నప్పుడు రెండు వైపుల గోడలూ దాన్ని ఆకర్షిస్తాయి కాబట్టి పట్టు బిగుస్తుంది. మరీ వెడల్పైన రంధ్రం లోపలికి పోయే దారిగా పనికొస్తుందే తప్ప నిలిపి ఉంచదు. మంచి పదార్థంలో ఈ రెండు రకాలూ కలిసి ఉండాలి.

ఇక అంటుకునే కారణాలు. యాంటీబయాటిక్‌లలో చాలావాటికి బెంజీన్ వంటి చదునైన వలయాలు ఉంటాయి. ఆ వలయాల ఎలక్ట్రాన్ మేఘాలూ, కార్బన్ పొరల ఎలక్ట్రాన్ మేఘాలూ ఎదురెదురుగా సర్దుకొని ఆకర్షించుకుంటాయి. దీనికి హైడ్రోజన్ బంధాలు, నీటికి దూరంగా ఉండాలనే స్వభావం, విద్యుదావేశాల ఆకర్షణ తోడవుతాయి. ఆవేశం విషయంలో నీటి పీహెచ్‌ను, అంటే ఆమ్ల క్షార స్థాయిని, తప్పక చూడాలి. ప్రతి పదార్థానికీ దాని ఉపరితల ఆవేశం సున్నా అయ్యే పీహెచ్ ఒకటి ఉంటుంది. అంతకంటే పీహెచ్ పెరిగితే ఉపరితలం రుణావేశాన్ని, తగ్గితే ధనావేశాన్ని పొందుతుంది. మందు అణువు కూడా ఇలాగే మారుతుంది. సల్ఫామెథాక్సజోల్‌లోని ఒక ప్రోటాన్ దాదాపు 5.7 పీహెచ్ దగ్గర ఊడుతుంది కాబట్టి, పీహెచ్ 7 ఉన్న నీటిలో 95 శాతం వరకు రుణ అయానుగానే ఉంటుంది. నీటితో చెలిమి పెరిగిన అలాంటి అయాను కార్బన్‌కు అంత సులభంగా చిక్కదు. సిప్రోఫ్లోక్సాసిన్‌కు ప్రోటాన్ ఊడే ఇలాంటి పీహెచ్ విలువలు 6.1, 8.7 అని రెండు ఉండడంతో తటస్థ నీటిలో ఒకే అణువు మీద ధనావేశం, రుణావేశం రెండూ ఉంటాయి. అది కార్బన్ మీద చాలా మెరుగ్గా నిలుస్తుంది.

టెట్రాసైక్లిన్‌కు మరో గుణం ఉంది. అది కాల్షియం, మెగ్నీషియం, ఇనుము వంటి లోహ అయాన్లను పట్టుకుని జటిల సమ్మేళనాలను ఏర్పరుస్తుంది. కాల్షియం మాత్రలతోపాటు ఈ మందు వేసుకోవద్దని వైద్యులు చెప్పేది ఇందుకే. ఇనుము పూతపెట్టిన బొగ్గు ఈ మందును అదనంగా పట్టడానికి కారణమూ ఇదే. నీటి కఠినత్వం మారితే ఫలితాలు మారిపోవడానికి కారణమూ ఇదే.

ప్రశ్న: గ్రాముకు వందల మిల్లీగ్రాముల యాంటీబయాటిక్‌ను పట్టే కొత్త పదార్థాల గురించి తరచూ చదువుతున్నాం. 2025లో నోబెల్ కూడా అలాంటి పదార్థాలకే వచ్చింది. మరి శుద్ధి కేంద్రాల్లో అవి ఎందుకు కనిపించడం లేదు?

జవాబు: మాకు వచ్చిన ప్రశ్నల్లో చాలా ముఖ్యమైనది ఇదే కనుక కాస్త వివరంగా చెబుతాం. ఆ ప్రయోగాల్లో అబద్ధం లేదు, కాని అవి వేసుకున్న ప్రశ్న వేరు. స్వేదనజలంలో లీటరుకు 50 మిల్లీగ్రాముల సిప్రోఫ్లోక్సాసిన్ కలిపి, అందులో ఒక గ్రాము పదార్థాన్ని వేసి కొన్ని గంటలపాటు కుదిపారనుకుందాం. చివరికి 2 మిల్లీగ్రాములు మిగిలాయి. 96 శాతం తొలగింది, గ్రాముకు 48 మిల్లీగ్రాములు పట్టింది. వ్యాసంలో రాసుకోవడానికి బాగానే ఉంటుంది. కాని నీటిలో మిగిలిన ఆ 2 మిల్లీగ్రాములంటే 20 లక్షల నానోగ్రాములు. 64 నానోగ్రాముల హద్దుకు 31,000 రెట్లకు పైమాటే. శాతాన్ని కాక, మిగిలిన దాన్ని చూడాలని మేం పదేపదే చెప్పడం అందుకే.

రెండో చిక్కు గాఢతతో వస్తుంది. పదార్థం ఎంత పట్టుకుంటుందనేది దాని చుట్టూ నీటిలో మందు ఎంత ఉందన్న దానిపై ఆధారపడుతుంది. శాస్త్రవేత్తలు ఫ్రాయిండ్లిష్ 1906లో, లాంగ్‌మ్యూర్ ఆ తరువాత దశాబ్దంలో ఇచ్చిన సమీకరణాలు చెప్పేది ఈ సంబంధాన్నే. గరిష్ఠ సామర్థ్యం అనేది నీటిలో మందు దండిగా ఉండి రంధ్రాలన్నీ నిండినప్పటి మాట. లీటరుకు 200 నానోగ్రాములే ఉన్న నీటిలో అదే పదార్థం పట్టేది అందులో అతి చిన్న భాగం. అక్కడ గెలిచేది ఎక్కువ చోటున్న పదార్థం కాదు, బిగువైన పట్టున్న పదార్థం.

మూడోది పోటీ. శుద్ధిచేసిన మురుగునీటిలో కూడా లీటరుకు 5 మిల్లీగ్రాముల సేంద్రియ కర్బనం మిగిలి ఉండడం మామూలే. 200 నానోగ్రాముల మందుతో పోలిస్తే అది 25,000 రెట్లు. కుళ్లిన ఆకుల నుంచీ, సూక్ష్మజీవుల మిగులు నుంచీ వచ్చే ఈ పెద్ద అణువులు రంధ్రాల ముఖద్వారాలను మూసేస్తాయి, చిన్నవి లోపలి చోటు కోసం నేరుగా పోటీపడతాయి. స్వేదనజలంలో అద్భుతంగా కనిపించిన పదార్థం అసలు మురుగు ముందు చతికిలబడేది ఇక్కడే.

నోబెల్ సంగతి అడిగారు కనుక: 2025 రసాయనశాస్త్ర బహుమతిని సుసుము కితగవా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీ పంచుకున్నారు. లోహ అయాన్లను సేంద్రియ అణువులతో కలిపి జాలీ అల్లినట్టు నిర్మించే మెటల్-ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌లు, అంటే ఎం.ఓ.ఎఫ్.లు, వారి కృషి ఫలితం. రంధ్రం ఎంత ఉండాలో, లోపల ఏ రసాయన గుంపు ఉండాలో ముందుగానే నిర్ణయించుకుని కట్టగలగడం వీటి గొప్పతనం. బొగ్గుతో అది సాధ్యం కాదు. అయితే 1999లో వచ్చిన ఎం.ఓ.ఎఫ్.-5 గాలిలోని తేమకే విచ్ఛిన్నమవుతుంది. జిర్కోనియంతో 2008లో ఓస్లోలో తయారైన యు.ఐ.ఓ.-66 వంటివి నీటికి బాగానే తట్టుకుంటాయి కాబట్టి, యాంటీబయాటిక్‌ల మీద జరిగే పరిశోధనలో వాటికి ప్రాధాన్యం పెరిగింది. అయినా అవి మెత్తని పొడి రూపంలో తయారవుతాయి. నీరు ధారాళంగా పారే గొట్టంలో పొడిని నింపితే నీరు కదలదు; బంధకం కలిపి గుళికలు చేస్తే రంధ్రాల్లో కొన్ని మూసుకుపోతాయి. ఖరీదు, లోహం నీటిలోకి కారే ప్రమాదం, వాడిన తరువాత మళ్లీ పనికివచ్చేలా చేయడం అనే ప్రశ్నలు ఆపైన ఉన్నాయి. కర్మాగారంలో ఒకే మందు ఎక్కువ గాఢతతో వెలువడే చోట వీటికి ముందుగా అవకాశం ఉంటుందని మా అభిప్రాయం. ఊరి మురుగు మొత్తానికి మాత్రం ఇప్పటికీ బొగ్గే దిక్కు.

ప్రశ్న: పంట వ్యర్థాలను కాల్చి చేసే బయోచార్ చవక కదా, అది చాలదా? మామూలు పొయ్యి బొగ్గు పనికిరాదా?

జవాబు: పొయ్యి బొగ్గులో రంధ్రాలు తక్కువ, ఉన్నవాటిలోనూ తారు పేరుకుని ఉంటుంది, ఆశ పెట్టుకోవద్దు. ఆక్సిజన్ దాదాపు లేకుండా 300 నుంచి 700 డిగ్రీల మధ్య కాల్చి తయారుచేసే బయోచార్ అంతకంటే మెరుగు. ఉష్ణోగ్రత పెంచితే ఉపరితలం పెరుగుతుంది, వలయాలున్న మందులను పట్టే గుణమూ పెరుగుతుంది. తక్కువ వేడిలో చేసినదానికి ఆక్సిజన్ గుంపులు ఎక్కువగా మిగులుతాయి. ముడిసరుకు మారితే, బూడిద శాతం మారితే, ఒక బట్టీ సరుకుకూ మరో బట్టీ సరుకుకూ పొంతన ఉండదు. సరిగా కాలని బయోచార్ నుంచి హానికరమైన బహువలయ హైడ్రోకార్బన్లు నీటిలోకి దిగే ప్రమాదమూ ఉంది. పొలం గట్టున పశువుల కొట్టాల మురుగును వడకట్టడానికి ఇది తగినదే. తాగునీటికి పరీక్షలు చేయించకుండా వాడరాదు.

ప్రశ్న: బొగ్గు పట్టుకున్న యాంటీబయాటిక్ చివరికి ఏమవుతుంది? సమస్యను ఒకచోటి నుంచి మరోచోటికి మార్చినట్టే కదా?

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. అధిశోషణం, అంటే ఇలా రంధ్రాల గోడలకు అంటించుకోవడం, మందును చంపదు, కదలకుండా పట్టి ఉంచుతుంది. ఆ పట్టు కూడా శాశ్వతం కాదు. గుళికల కార్బన్ గొట్టంలో చాలాకాలం నీరు పారి అది నిండిపోయాక, ఇంకా బలంగా అంటుకునే అణువులు వస్తే, ముందు పట్టినవి వదిలిపోతాయి. అప్పుడు కొంతసేపు లోపలికి వచ్చే నీటిలో కంటే బయటికి పోయే నీటిలోనే ఆ మందు ఎక్కువగా ఉండవచ్చు.

పద్ధతిగా చేసే చోట గుళికల కార్బన్‌ను తీసి, 800 నుంచి 900 డిగ్రీల కొలిమిలో మళ్లీ ఉత్తేజపరుస్తారు. ఆ వేడికి మందు అణువులు విచ్ఛిన్నమవుతాయి. ప్రతిసారీ దాదాపు పదో వంతు కార్బన్ తరిగిపోతుంది కనుక కొత్తది కలుపుతూ ఉండాలి. పొడి కార్బన్‌ను మళ్లీ వాడడం కష్టం. అది బురదతో కలిసిపోతుంది కాబట్టి, ఆ బురదను కాల్చేయాలి. పొలాలకు ఎరువుగా వేస్తే పట్టినదంతా నేలపాలైనట్టే. ప్రయోగశాలల్లో మిథనాల్‌తోనో క్షారంతోనో కడిగి ఐదుసార్లు తిరిగి వాడామని రాస్తుంటారు, కాని ఆ కడిగిన ద్రావణంలో మందు అంతకంటే చిక్కగా ఉంటుంది, దాన్ని ఏం చేశారో చాలామంది రాయరు. అలాంటి వ్యాసం చదివేటప్పుడు ముందుగా ఆ పేరానే వెతకమని విద్యార్థులకు మా సలహా.

మందులకు లొంగని బాక్టీరియాను, వాటి జన్యువులను కార్బన్ నమ్మకంగా తొలగించదు. పైగా గుళికల మీద జీవపొర పెరుగుతుంది. ఆ బాక్టీరియా కోసం ఓజోన్, అతినీలలోహిత కిరణాలు, పొర వడపోతలు వేరుగా ఉండాలి.

ప్రశ్న: తాగే నీటిని మరిగిస్తే ఈ మందులు పోతాయా? ఇంట్లో ఏ ఫిల్టరు పెట్టుకోవాలి?

జవాబు: మరిగించడం క్రిములను చంపడానికి. చాలా యాంటీబయాటిక్‌లు ఆ కాసేపటి వేడికి చెక్కుచెదరవు, నీరు ఇగిరితే గాఢత కొంచెం పెరుగుతుంది కూడా. ఆర్.ఓ. పొర చాలావరకు ఆపుతుంది, కాని ఆపినదాన్ని వృథా నీటితో కాలువలోకే పంపుతుంది. కార్బన్ కార్ట్రిడ్జ్ కొంత పడుతుంది, గడువు దాటితే పట్టడం మానేస్తుంది.

కంగారు మాత్రం అక్కర్లేదు. లీటరుకు 100 నానోగ్రాములు ఉన్న నీటిని రోజుకు 2 లీటర్ల చొప్పున తాగినా, ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్రకు సమానం కావడానికి 25 లక్షల రోజులు, అంటే 6,800 ఏళ్లకు పైగా పడుతుంది. ఈ మందులు నీటిలో ఉండడం వల్ల అసలు చిక్కు బయట నదుల్లో, బురదలో ఉన్న బాక్టీరియాతో. నిరోధకత పొందిన బాక్టీరియా వ్యాధుల వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా నేరుగా సంభవించిన మరణాలు 12.7 లక్షలని అంచనా. ఇందులో నీటి కాలుష్యం వాటా ఇంత అని విడదీసి చెప్పడం సాధ్యం కాదు. మందుల విచ్చలవిడి వాడకమే పెద్ద కారణం.

ప్రశ్న: ఒక పెద్ద ఆసుపత్రి నిర్వహణ విభాగంలో పనిచేస్తున్నాను. మా వ్యర్థజలానికి కార్బన్ యూనిట్ పెట్టాలని ఆలోచన. ఎక్కడ పెట్టాలి, ఏం చూసుకోవాలి?

జవాబు: జీవశుద్ధి, ఇసుక వడపోత పూర్తయ్యాక చివరలో పెట్టండి. ముందే పెడితే మురుగులోని సేంద్రియాలు కొద్ది రోజుల్లోనే రంధ్రాలను పూడ్చేస్తాయి. స్విట్జర్లాండ్ 2016 నుంచి ఎంపికచేసిన మురుగు శుద్ధి కేంద్రాల్లో సూక్ష్మ కాలుష్యాలను 80 శాతం తొలగించాలని నిబంధన పెట్టింది. అక్కడ ఓజోన్, కార్బన్ రెండే ప్రధానంగా నిలిచాయి. పొడి కార్బన్ మోతాదు సాధారణంగా లీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు. యూరోపియన్ యూనియన్ 2024 నాటి కొత్త ఆదేశంలో ఇలాంటి అదనపు శుద్ధి ఖర్చులో కనీసం 80 శాతాన్ని ఔషధ, సౌందర్య సాధనాల ఉత్పత్తిదారులపై మోపింది. సల్ఫామెథాక్సజోల్ మీ వ్యర్థజలంలో ఎక్కువగా ఉంటే, కార్బన్ కంటే ఓజోన్ దానిపై బాగా పనిచేస్తుందని గమనించండి. రెండింటినీ వరుసగా పెట్టే ఏర్పాట్లూ ఉన్నాయి.

గుళికల గొట్టంలో నీరు కార్బన్‌తో గడిపే సమయం 10 నుంచి 30 నిమిషాల మధ్య ఉండేలా పరిమాణం నిర్ణయిస్తారు. అమ్మకందారు చూపే అయోడిన్ సంఖ్యతో సరిపెట్టుకోకుండా, మీ ఆసుపత్రి నీటితోనే చిన్న గొట్టంలో పరీక్ష చేయించండి. రోజూ ప్రతి మందునూ కొలవడం ఖర్చుతో కూడిన పని కనుక, 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని నీరు ఎంత పీల్చుకుంటోందో లోపలా బయటా చూస్తూ ఉండండి. ఆ తేడా తగ్గుతోందంటే కార్బన్ నిండుతోందని అర్థం. మందుల అసలు కొలతలను అప్పుడప్పుడు ప్రయోగశాలకు పంపి సరిచూసుకోవచ్చు. రెండు గొట్టాలను వరుసగా పెట్టించి, మొదటిది నిండగానే తీసేసి రెండోదాన్ని ముందుకు జరిపితే, మందు ఒక్కసారిగా బయటపడే ప్రమాదం తప్పుతుంది. వాడిన కార్బన్‌ను వెనక్కి తీసుకుని కొలిమికి పంపే బాధ్యత ఎవరిదో కొనుగోలు ఒప్పందంలోనే రాయించుకోండి. యూనిట్ బిగించాక అడిగితే ఎవరూ ముందుకు రారు.